కారవాన్‌లో కుటుంబంతో విజయవాడ మజిలీ: బండి ఎక్కడ నిలపాలి, ఊరు ఎలా చూడాలి?

మూసీ తీరం

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ముందు హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా అద్దె కారవాన్‌లో వెళ్ళాలని మా ఇంట్లో నిర్ణయమైంది. దారిలో విజయవాడలో ఆగి, ఊరూ చుట్టుపక్కల ప్రదేశాలూ తీరికగా చూడాలని కోరిక. మా నాన్నగారికి చరిత్ర అంటే ప్రాణం. అమ్మకు దుర్గమ్మ దర్శనం కావాలి, కానీ మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేదు. పిల్లలిద్దరికీ కొండపల్లి బొమ్మలు ఎలా చేస్తారో చూడాలని ఉంది. బండి టెంపో ట్రావెలర్ మీద కట్టినది. సుమారు ఏడు మీటర్ల పొడవు, కప్పు మీది ఏసీతో కలిపి మూడు మీటర్ల ఎత్తు ఉంటుందని యజమాని చెప్పాడు. పడకలు నలుగురికే సరిపోతాయి కాబట్టి అమ్మానాన్నల కోసం ఎలాగూ ఒక గది తీసుకోవాలి. ఇంత బండిని విజయవాడలో ఎక్కడ నిలపాలో, ఇంద్రకీలాద్రి మీదికి రానిస్తారో లేదో, ఏవి తప్పక చూడాలో, ఏవి వదిలేసినా ఫరవాలేదో ఆ ఊరి వాళ్ళు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కృష్ణలంక వాసి

మూసీ తీరం గారూ, ముందు బండి సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ దాని వెంటే తేలిపోతాయి. విజయవాడకు ఒకవైపు కృష్ణ, మరోవైపు కొండలు, నడుమ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. ఎక్కడికి వెళ్ళాలన్నా ఏదో ఒక కాలువ మీది వంతెన దాటాలి, ఆ వంతెనల దగ్గరే ఊరంతా వచ్చి ఇరుక్కుంటుంది. వన్‌టౌన్ సందుల్లో గానీ గవర్నరుపేటలో గానీ ఏడు మీటర్ల బండి తిప్పడం డ్రైవరుకు శిక్షే. కాబట్టి కారవాన్‌ను ఊరి బయట, జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న చోట నిలిపి, ఊళ్ళో ఆటోల్లోనూ సిటీ బస్సుల్లోనూ తిరగండి.

ఘాట్ రోడ్డు మీద కారవాన్ ఆలోచనే వద్దు. అది ఇరుకైన రోడ్డు, వానలకు కొండచరియలు విరిగిపడిన చరిత్ర కూడా ఉంది. పైకి దేవస్థానం బస్సులు తిరుగుతాయి. అంతకన్నా మీ అమ్మగారికి మహామండపం దారి మంచిది. అర్జున వీధి వైపు నుంచి వెళ్తే అక్కడ లిఫ్టులు ఉన్నాయి, మెట్ల బాధ చాలావరకు తప్పుతుంది. శుక్రవారం, ఆదివారం కాకుండా మామూలు రోజున ఉదయమే వెళ్ళండి.

ఇంకో సంగతి. మన జనానికి కారవాన్ అంటే సినిమా వాళ్ళదే. మీరు బీసెంట్ రోడ్డు మొగలో బండి ఆపారంటే లోపల ఏ హీరో ఉన్నాడోనని పదిమంది తలుపు దగ్గర చేరతారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ మీ అమ్మగారికి మధ్యాహ్నం కునుకు పట్టదు.

తొలకరి

అనుభవజ్ఞులు కోప్పడకపోతే ఒక మాట అడుగుతాను. పెద్దవాళ్ళకు గది తీసుకుంటున్నారు, ఊళ్ళో ఆటోల్లో తిరుగుతారు, కారవాన్ మాత్రం ఊరి బయట ఖాళీగా నిలబడి ఉంటుంది. మరి దానికి రోజుకు అంత అద్దె కట్టడం దేనికి? ఆరుగురు పట్టే కారు మాట్లాడుకుని, రెండు గదులు తీసుకుంటే ఖర్చు సగానికి తగ్గదా? కేరళలో 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చి, బండ్లు నిలిపే పార్కుల గురించి కూడా ఆలోచించారు. మన దగ్గర కారవాన్ నిలపడానికి దాబా ఆవరణో లాడ్జి వెనక ఖాళీ స్థలమో వెతుక్కోవలసి వస్తున్నప్పుడు ఈ ముచ్చట తొందరపాటని నాకు అనిపిస్తుంది.

ఆటోనగర్ మేస్త్రి

తొలకరి గారి లెక్క తప్పు కాదు, కానీ ఆయన ఊరిని లెక్కలో వేసి దారిని వదిలేశారు. హైదరాబాదు నుంచి విశాఖ దాకా పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్తున్నప్పుడు దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎంత కరువో ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. అమ్మగారు కాళ్ళు చాపుకుని పడుకుని రావచ్చు, పిల్లల పెరుగన్నం ఫ్రిజ్‌లో ఉంటుంది. కారవాన్ పనికొచ్చేది దారిలోనే, ఊళ్ళో కాదు. ఊళ్ళో అది మీ సామాన్ల గది అనుకోండి, చాలు.

ఇక బండి వైపు నుంచి చెప్పవలసినవి. రాత్రంతా ఏసీ నడవాలంటే ఇన్వర్టర్ బ్యాటరీలను నమ్ముకోవద్దు, బయటి కరెంటు కావాలి. గది మాట్లాడుకునేటప్పుడే పదిహేను ఆంపియర్ల ప్లగ్ పాయింటు బయటికి ఇస్తారా, దానికి ఎర్తింగ్ ఉందా అని అడగండి. ఐదు ఆంపియర్ల సాకెట్‌కు మార్పిడి ప్లగ్ పెట్టి ఏసీ నడిపితే తీగ వేడెక్కి కాలుతుంది. అలా కరిగిపోయిన ప్లగ్గులు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. మంచి మందం ఉన్న తీగ కనీసం ఇరవై మీటర్లు దగ్గర ఉంచుకోండి. ఏసీ, గీజరు, కరెంటు పొయ్యి ఒకేసారి వేయకండి.

ఎత్తు మూడు మీటర్లు అంటున్నారు కాబట్టి లోపలి రోడ్లలో కేబుల్ టీవీ తీగలు, వేప కొమ్మలు చూసుకోవాలి. సందులోకి తిరిగే ముందు ఒకరు దిగి ముందు నడవడం మంచిది. ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి. బండి తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే ఆంధ్రప్రదేశ్‌లో తిరగడానికి పర్మిట్టు, పన్ను కాగితాలు యజమాని దగ్గర నుంచి చేతికి తీసుకోండి. ఫోనులో పంపిస్తానంటే ఒప్పుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మురుగు ట్యాంకు. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కాలువలో వదలకండి. చీకట్లో గట్టు మీద ఆపి పైపు తెరిచేవాళ్ళు ఉన్నారు. ఆ కాలువల నీరే దిగువన డెల్టా పొలాలకు పోతుంది, ఊళ్ళ మంచినీటి చెరువులు కూడా ఆ నీటితోనే నింపుతారు. గది ఇచ్చినవాళ్ళను అడిగి, వాళ్ళ మరుగుదొడ్డిలో గానీ మురుగు గుంట మూత తీయించి గానీ ఖాళీ చేయండి, తర్వాత రెండు బకెట్ల నీళ్ళు పోయండి. డబ్బు అడిగితే ఇచ్చేయండి.

కరకట్ట

బండి నిలపడానికి నా సలహా: కృష్ణకు దక్షిణపు ఒడ్డు. తాడేపల్లి, మంగళగిరి వైపు జాతీయ రహదారిని ఆనుకుని ఆవరణ ఉన్న లాడ్జీలు, ఫంక్షన్ హాళ్ళు దొరుకుతాయి. మీరు హైదరాబాదు నుంచి వచ్చి, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి, బస్టాండు పక్కగా కృష్ణలంక మీదుగా కృష్ణ మీది వారధి దాటితే ఊళ్ళోకి దిగకుండానే ఇటు వచ్చేస్తారు. ప్రకాశం బ్యారేజీ మీదుగా దగ్గర దారి అని ఫోను మ్యాపు చూపిస్తుంది, నమ్మకండి. దాని మీదికి భారీ వాహనాలను రానివ్వరు. మీ బండిని చూసి పోలీసులు వెనక్కి తిప్పితే ఆ ఇరుకులో రివర్సు తీయడం మీ తరం కాదు.

ఇటు ఉంటే ఉండవల్లి గుహలు పక్కనే. తెల్లవారి గేటు తెరిచే వేళకు అక్కడ ఉండండి. ఒకే కొండను పైనుంచి కిందికి నాలుగు అంతస్తులుగా తొలిచారు. మూడో అంతస్తులో ఏకశిలలో మలిచిన అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. బయటి వెలుగులో నుంచి లోపలికి వెళ్ళగానే ఏమీ కనిపించదు. ఒక నిమిషం కదలకుండా నిలబడితే ముందు పాము పడగలు, తర్వాత భుజం, ఆ తర్వాత పాదాలు నెమ్మదిగా తేలతాయి. జనం మాత్రం ఆ నిమిషం ఆగకుండా ఫోను లైటు వేసి ఫోటో తీసుకుని దిగిపోతారు. పై అంతస్తు ముందు భాగంలో కూర్చున్న ఋషుల విగ్రహాల పక్క నుంచి చూస్తే కింద పొలాలు, అరటి తోటలు పరుచుకుని కనిపిస్తాయి. మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మీ అమ్మగారు కింద పచ్చికలోనే కూర్చోవాలి. అక్కడ నుంచి కూడా ముఖభాగం మొత్తం కనిపిస్తుంది.

పేట పంతులమ్మ

బాబూ, మీ నాన్నగారికి చరిత్ర మీద మక్కువ అన్నావు కాబట్టి రాస్తున్నాను. నేను ఈ ఊళ్ళోనే సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. విజయవాడ చూడటానికి వచ్చినవాళ్ళు గుడి చూసి, భవానీ ద్వీపానికి పడవెక్కి, బజారులో చీరలు కొనుక్కుని వెళ్ళిపోతారు. బందరు రోడ్డు మీద ఉన్న బాపు మ్యూజియంలోకి మాత్రం ఎవరూ తొంగి చూడరు. పూర్వం దాన్ని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ విజయవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి అందించిన ఘట్టంతో ముడిపడిన ఆవరణ అది. పిల్లలు పాఠంలో ఒక్క వాక్యంగా చదువుకున్నది ఏ గోడల మధ్య జరిగిందో చూస్తే వాళ్ళకు గుర్తుండిపోతుంది. లోపల అల్లూరు నుంచి తెచ్చిన సున్నపురాతి బుద్ధుడి పెద్ద విగ్రహం ఉంది. దాని మీది వస్త్రపు ముడతలను తీరిగ్గా చూడమని మీ నాన్నగారికి చెప్పు. వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి.

ప్రకాశం బ్యారేజీని చాలామంది వంతెన అనుకుంటారు. అది డెల్టాకు నీరిచ్చే కట్టడం. మొదట 1855 నాటికి అక్కడ ఆనకట్ట కట్టారు. గోదావరి మీద ధవళేశ్వరం కట్టించిన కాటన్ దొర ఆలోచన అది, ఇక్కడ పని నడిపినది కెప్టెన్ ఓర్. ఆ పాత ఆనకట్టకు 1952లో గండి పడిన తర్వాత కొత్త బ్యారేజీ మొదలై 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. పొడవు 1,223 మీటర్లకు పైగా, గేట్లు 70. ఇప్పుడు గాంధీ కొండ అంటున్న కొండకు ఒకప్పుడు ఓర్ కొండ అని పేరు. దాని మీద 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు ఆవిష్కరించారు. రైల్వే స్టేషను వెనకే ఉంటుంది, పై నుంచి ఊరంతా కనిపిస్తుంది.

2024 సెప్టెంబరు 2న ఈ బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంతకు ముందు 2009లో వచ్చిన దానికన్నా ఎక్కువ. పై నుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి. అదే సమయంలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ ప్రాంతపు ఆటో డ్రైవరు ఎవరైనా మీకు దొరికితే అడిగి చూడండి, నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో కొలిచి చూపిస్తాడు.

అరండల్‌పేట

విజయవాడ వాళ్ళు ఎప్పుడూ గుంటూరును టోల్ గేటు అవతలి ఊరుగానే చూస్తారు, కనుక మా వైపు మాట కూడా వినండి. డిసెంబరు, జనవరుల్లో వస్తున్నారు కాబట్టి గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు పిల్లలను తీసుకువెళ్ళండి. ఊరి మధ్య మామూలు చెరువు, అందులోని తుమ్మ చెట్ల నిండా గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. చూడటానికి మంచె కట్టారు. సాయంత్రం పక్షులు తిరిగి వచ్చే వేళకు వెళితే చాలు, దుర్భిణీ కూడా అక్కర్లేదు.

నాన్నగారి కోసమైతే అమరావతి. మహాస్తూపంలో ఇప్పుడు మిగిలింది మట్టిదిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్ళు మాత్రమే. అసలు శిల్ప ఫలకాలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఇది తెలియకుండా వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. తెలిసి వెళితే మాత్రం, పక్కనే ఉన్న మ్యూజియంలో మిగిలిన ఫలకాలు చూసి, పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం కూడా కలుపుకుని ఒక పూట నిండుగా గడుస్తుంది. మిరప యార్డు కూడా చూపించమని కొందరు చెబుతారు. పంట వచ్చే కాలంలో ఆ బస్తాల మధ్య ఐదు నిమిషాలు నిలబడితే మాకే తుమ్ములూ దగ్గులూ ఆగవు, హైదరాబాదు పిల్లలను తీసుకువెళ్ళవద్దని నా మనవి.

కృష్ణలంక వాసి

అరండల్‌పేట గారూ, ఆయన విశాఖ వెళ్తూ మధ్యలో ఆగుతున్నారు. ఉప్పలపాడు, అమరావతి రెండూ పెడితే పెద్దవాళ్ళు అలసిపోయి విజయవాడలో దేన్నీ సరిగా చూడలేరు. ఒకటి ఎంచుకోమనండి.

అరండల్‌పేట

ఒకటే అయితే అమరావతి అనే అంటాను, అదీ నాన్నగారికి మాత్రమే. పిల్లలకు ఉండవల్లి చాలు.

మూసీ తీరం

అందరి సమాధానాలూ ఇంట్లో పైకి చదివాను. అర్జున వీధి లిఫ్టు మాట వినగానే అమ్మ ముఖం వెలిగింది. మరో రెండు సందేహాలు. కొండపల్లిలో వచ్చే దారిలోనే ఆగవచ్చా, లేక విజయవాడ చేరాక వెనక్కి రావాలా? భవానీ ద్వీపానికి పడవ ప్రయాణం పెద్దవాళ్ళతో క్షేమమేనా?

బొమ్మల కొలువు

వెనక్కి రావలసిన పని లేదు. మీరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమవైపు తిరిగితే కొండపల్లి దగ్గరే. థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి, అవే గుర్తు. కోట కొండ మీద ఉంది, అక్కడికి మీ బండి వద్దు. కోట కోసం సమయం పెట్టుకోకపోయినా ఫరవాలేదు. బొమ్మలు చేసే ఇళ్ళు కిందనే ఉన్నాయి.

పిల్లలకు చూపించవలసింది దుకాణాన్ని కాదు, దుకాణం వెనక అరుగును. తెల్లపొణికి చెక్కను సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. ఆ చెక్క చేతిలోకి తీసుకుంటే ఏమీ బరువుండదు, గోరు గుచ్చితే దిగుతుంది. ఏనుగు ఒళ్ళు ఒక ముక్క, తొండం ఒక ముక్క, అంబారీ ఒక ముక్క విడివిడిగా చెక్కుతారు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికి, అతుకు కనపడకుండా ఆకురాయితో నున్నగా రుద్ది, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. కళ్ళు ఆఖరున దిద్దుతారు. మా వీధిలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పొణికి చెట్టు ఇప్పుడు దొరకడం కష్టమైంది, ధర ఎక్కువ అనిపిస్తే కారణం అది. బేరం ఆడండి, కానీ సగానికి అడగకండి. దశావతారాల సెట్టు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కొంటే అవి ఇక్కడివే. మెరిసే లక్క బొమ్మలు కూడా కొన్ని చోట్ల పక్కనే పెట్టి అమ్ముతారు. అవి ఏటికొప్పాకవి, మీరు ఎలాగూ విశాఖ దారిలో ఆ ఊరి పక్క నుంచే వెళ్తారు కాబట్టి అక్కడే కొనుక్కోవచ్చు.

కరకట్ట

పడవ గురించి: భవానీపురం పున్నమి ఘాట్ నుంచి పర్యాటక శాఖ పడవలు ద్వీపానికి తిరుగుతాయి. జనవరిలో నది నెమ్మదిగా ఉంటుంది. అయినా లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, అనుమతి లేని ప్రైవేటు పడవ ఎక్కకండి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసే చోటు అది. ఎక్కించుకోవలసిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కిస్తుంటే డబ్బు పోయినా దిగిపోండి.

తొలకరి

ఇన్ని విషయాలు చదివాక నా అభ్యంతరం కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వెళ్ళి వచ్చాక ఖర్చు ఎంతయిందన్నది కాకపోయినా, కారవాన్ ఉండటం వల్ల ఏ పని సులువైందో, ఏది కష్టమైందో నిజాయితీగా రాయండి.

మూసీ తీరం

వెళ్ళి వచ్చాము. తొలకరి గారు అడిగినట్టే రాస్తాను.

కొండపల్లిలో ఊరి మొదట్లో బండి నిలిపి నడిచి వెళ్ళాము. ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన పిల్లల చేతికి పొణికి ముక్క, ఆకురాయి ఇచ్చి రుద్దమన్నారు. మావాడు రుద్దిన ముక్క చేప అవుతుందో బాతు అవుతుందో తేలలేదు గానీ దాన్ని వదలకుండా విశాఖ దాకా తెచ్చాడు. అక్కడ నుంచి ఫ్లైఓవర్, వారధి మీదుగా దక్షిణపు ఒడ్డుకు చేరాము. గది ఇచ్చినచోట ప్లగ్ పాయింటు ఇస్తామని ఫోనులో ఒప్పుకున్న మేనేజరు, మేము దిగాక కరెంటుకు వేరే డబ్బు కట్టమన్నాడు. కట్టాక కూడా ఏసీ, గీజరు ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోయింది. మేస్త్రి గారు చెప్పినట్టు ఒకటి ఆపి ఒకటి వాడుకున్నాము. మురుగు ట్యాంకు మాత్రం అడగగానే గుంట మూత తీయించాడు, ఆ ఉపకారం చెప్పుకోవాలి.

ఉండవల్లిలో అమ్మ పచ్చికలో కూర్చుంటానని వచ్చి, కింది అంతస్తు స్తంభాల మధ్య నాన్నగారితో పాటు చాలాసేపు తిరిగింది. పైన అనంతపద్మనాభుడి దగ్గర కరకట్ట గారు చెప్పినట్టు పిల్లలను ఫోను తీయకుండా నిలబెట్టాను. పడగలు ముందు కనిపించింది చిన్నదానికే. దుర్గమ్మ దర్శనం మరునాడు ఉదయం మహామండపం వైపు నుంచి అయింది. లిఫ్టు దగ్గర వరుస ఉంది గానీ, అమ్మ మెట్టు ఎక్కకుండా అమ్మవారి ముందుకు వెళ్ళగలిగింది. మ్యూజియం మేము వెళ్ళిన వేళ దాదాపు ఖాళీగా ఉంది. పంతులమ్మ గారూ, నాన్నగారు ఆ బుద్ధుడి ముందు నుంచి కదలకపోతే కాపలా ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. సాయంత్రం స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం చూశాము. 2024 జనవరిలో ఆవిష్కరించినది, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. ఫోటోల్లో అంత ఎత్తు తెలియదు, కింద నిలబడి మెడ వెనక్కి వంచితే తెలుస్తుంది.

మంగళగిరి మీరెవరూ గట్టిగా చెప్పలేదు గానీ మా అందరికీ బాగా నచ్చింది అదే. గది నుంచి దగ్గర కాబట్టి బండి అక్కడే వదిలి ఆటోలో ఘాట్ రోడ్డు ఎక్కాము. పానకాల స్వామి నోట్లో పూజారి బిందెతో బెల్లం పానకం పోస్తుంటే గుటక వేసినట్టు గుడగుడ శబ్దం వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. మిగిలిన సగం ప్రసాదంగా మన చేతికి ఇస్తారు. అంత తీపి పారే చోట చీమ కనిపించదని అందరూ చెప్పేదే, పిల్లలు మాత్రం నేలంతా వెతికి చూశారు. కొండ మీది గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు కాబట్టి వెళ్ళేవాళ్ళు ఉదయమే వెళ్ళాలి. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం 11 అంతస్తులు, అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించినది. గోపురం నీడలో చేనేత దుకాణంలో అమ్మా మా ఆవిడా గడిపిన సమయం గురించి రాయను.

అమరావతికి నాన్నగారు ఒక్కరే పట్టుబట్టి బస్సులో వెళ్ళి వచ్చారు. భవానీ ద్వీపం వదిలేశాము, దిగులేమీ లేదు.

కారవాన్ వల్ల లాభం ఎక్కడంటే, దర్శనం అయి వచ్చాక అమ్మ ఒక గంట నడుం వాల్చడం, దారిలో మరుగుదొడ్డి బెంగ లేకపోవడం, రాత్రి పిల్లలకు వేడి అన్నం. కష్టం ఎక్కడంటే, ఊరి ఇరుకులో కాదు, బండి ఊళ్ళోకి తీసుకెళ్ళలేదు కదా. ప్రతి మజిలీలో నీళ్ళు నింపడం, మురుగు వదలడం, కరెంటుకు బతిమాలడం. ఆ మూడూ ఇంటి యజమాని పనే అవుతాయి, మిగతావాళ్ళకు తెలియను కూడా తెలియదు.

తొలకరి

ఆఖరి పేరా మా ఇంట్లో చదివి వినిపించాను. ఇప్పుడు మా ఆవిడ కూడా కారవాన్ కావాలంటోంది.

పేట పంతులమ్మ

నాన్నగారికి కుర్చీ వేసిన ఆ కాపలా ఆయనకు నా తరఫున నమస్కారం. మంగళగిరి గురించి రాయకపోవడానికి కారణం, ఇక్కడివాళ్ళం అది అందరికీ తెలిసిందే అనుకుంటాం.

గోస్తనీ ఒడ్డు

ఇదంతా చదివాక మాకూ ఉత్సాహం కలిగింది. మేము విశాఖ నుంచి దసరాకు వద్దామనుకుంటున్నాము. మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారం చూడాలని మా అత్తగారి కోరిక. అప్పుడు కూడా ఇదే పద్ధతి సరిపోతుందా?

కృష్ణలంక వాసి

అమ్మా, దసరా లెక్క వేరు. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీదికి బయటి వాహనాలు రానివ్వరు. క్యూ వినాయకుడి గుడి దగ్గర నుంచే మొదలవుతుంది, ఊళ్ళోకి వచ్చే పెద్ద బండ్లను పోలీసులు చాలా ముందే దారి మళ్ళిస్తారు. మూలా నక్షత్రం రోజు జనం మిగతా రోజులకన్నా చాలా ఎక్కువ. అత్తగారి వయసు చూసుకుని, ఆ ఒక్క రోజు వదిలి నవరాత్రుల మొదట్లో ఏదైనా రోజు పెట్టుకోండి. మూలా నక్షత్రమే కావాలంటే కారవాన్‌తో రావద్దు, రైలు దిగి, దగ్గరలో గది తీసుకుని, తెల్లవారుజామునే వరుసలో నిలబడాలి. నదిలో వరద ఉంటే పడవలు కూడా ఆపేస్తారు.

ఆటోనగర్ మేస్త్రి

కారవాన్‌తోనే వస్తామంటే ఒక జాగ్రత్త. దసరా నాటికి ఇటు వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోవు. దక్షిణపు ఒడ్డున ఖాళీ స్థలాలు చాలావరకు నల్లరేగడి నేల. పైకి ఎండినట్టు కనిపించినా, మూడు టన్నుల పైబడిన బండి రాత్రి అక్కడ నిలిపితే తెల్లారేసరికి వెనక చక్రాలు దిగబడతాయి. కాంక్రీటు వేసినదో కంకర పరిచినదో చూసుకుని అక్కడే ఆపండి. తప్పకపోతే చక్రాల కింద వేయడానికి రెండు మందపాటి చెక్కలు, గట్టి తాడు వెంట ఉంచుకోండి. ముందు ముఖం రోడ్డు వైపే పెట్టి నిలపండి, ట్రాక్టరు కట్టి లాగవలసి వచ్చినా సులువవుతుంది.